సీ హారియర్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

మన నౌకాదళం వాడిన యుద్ధవిమానం సీ హారియర్ ప్లాస్టిక్ నమూనా చేస్తున్నావనీ, పక్కన దాన్ని నడిపిన నౌకాదళ విమాన దళం 300 స్క్వాడ్రన్ చరిత్ర కూడా రాసి పెడతావనీ మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. హాస్టల్ గదిలో తలుపులేసుకుని రంగులు కొడతావని తెలిశాక ఆ పొంగు సగం దిగింది. ఆ సంగతి చివర్లో.

ముక్కలు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు, కాక్‌పిట్ ముందు పూర్తిచెయ్యి. ఇవి నీకు తెలిసినవే.

అందరూ తప్పులో కాలేసేది క్షిపణుల దగ్గర. పెట్టెలో వచ్చేది బ్రిటిష్ విమానం. మూడు రంగుల చక్రం అతికించగానే అది మనదైపోదు. మనది ఎఫ్‌ఆర్‌ఎస్ 51 అనే రకం. బ్రిటిష్‌వాళ్లు రెక్కల కింద సైడ్‌వైండర్ అనే అమెరికా క్షిపణులు మోస్తే, మనవాళ్లు ఫ్రాన్సు మాట్రా మ్యాజిక్ క్షిపణులు తగిలించారు. మ్యాజిక్ పొట్టి, లావు. అసలు పొడవు 2.72 మీటర్లు, 1/72 కొలతలో 38 మిల్లీమీటర్లు, లావు 2.2. ముక్కు దగ్గర చిన్న రెక్కలు రెండు వరసలుంటాయి, సైడ్‌వైండర్‌కి ఒకటే వరస. సైడ్‌వైండర్‌నే కోసి సర్దుదామనుకోకు, లావు సరిపోదు. మిరాజ్ 2000 విమానం కిట్‌లో మిగిలిపోయిన మ్యాజిక్‌లు ఎవరినైనా అడుగు, వాటిని రెక్కకు తగిలించే పట్టాలతో సహా తీసుకో. చివరి రోజుల విమానం చేయాలనుకుంటే లెక్క మళ్లీ మారుతుంది: అప్పటికి కొన్నిటికి ఇజ్రాయెల్ రాడార్, డెర్బీ క్షిపణులు వచ్చాయి. అందుకే ఏ ఏడాది విమానమో ముందే తేల్చుకో. వైజాగ్ బీచ్ రోడ్డులో ప్రదర్శనకు పెట్టిన అసలు హారియర్‌ని చూసి ఆకారం, అతుకులు నేర్చుకో, రంగులు మాత్రం నువ్వు ఎంచుకున్న ఏడాది ఫొటో చూసి వెయ్యి.

నా మాట వింటే 1983 చెయ్యి. పైన ముదురు సముద్రపు బూడిద, కింద తెలుపు. తెలుపే ముందు, పలచగా నాలుగైదు పూతలు. చక్రంలోని కాషాయం డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే బొమ్మ) ముదురు బూడిద మీద మాసినట్టు కనిపిస్తుంది, అడుగున తెల్ల చక్రం పడాలి.

ఇంజిన్ గాలి బయటికి చిమ్మే నాలుగు నాజిల్స్ ఒకే కోణంలో ఉండాలి, అసలు విమానంలో అవి కలిసే తిరుగుతాయి. ముందరి రెంటి నుంచి వచ్చేది చల్లగాలి, కాబట్టి వాటికి విమానం రంగే. వెనకవాటికి కాలిన లోహం రంగు. చక్రాల్లో ముక్కుదీ, నడుమదీ అతికించి ఒక రాత్రి ఆగు. రెక్కల చివరి కాళ్లు ఆ తర్వాతే, లేకపోతే ఒకటి గాల్లో వేలాడుతుంది.

చరిత్ర హారియర్‌తో మొదలెట్టావో, చెవి మెలేస్తాను! 1960లో బ్రిటన్‌లో, వేల్స్‌లోని బ్రాడీలో సీ హాక్ అనే పాత జెట్ విమానాలతో పుట్టిన స్క్వాడ్రన్ అది. 1961 మే 18న పైలట్ తాహిలియానీ మన విమానవాహక నౌక విక్రాంత్ మీద మొదటి జెట్ దించారు, తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు. 1971 యుద్ధంలో విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గరే మునిగింది. డిసెంబరు 4న విక్రాంత్ సీ హాక్‌లు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. 1983 డిసెంబరు 20న సీ హారియర్ విక్రాంత్ మీద దిగింది. 2016 మే 11న గోవాలో హారియర్లకు వీడ్కోలు చెప్పి స్క్వాడ్రన్ రష్యా మిగ్-29కే విమానాలు అందుకుంది. ఈ తేదీలన్నీ రాయి తల్లీ, ఒక్కటీ వదలకు.

ఇక రంగు సంగతి. రంగు పలచన చేసే లాకర్ థిన్నర్ ఆవిరి మామూలు దుమ్ము మాస్కుకి ఆగదు. ఆవిరిని పీల్చుకునే కార్బన్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు కొను, కిటికీ తెరిచి ఫ్యాను బయటికి తిప్పు, గదిలో ఎవరూ పడుకోకుండా చూడు. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులైతే ఇంకా మేలు. మాస్కు డబ్బులు రేపే పంపుతున్నాను, వాటితో ఇంకో కిట్ కొనకు.

మీ పెదనాన్న