ఆర్డీ మూసేసి నాణేలు కొనాలా? నరసన్నపేట తమ్ముడికి జవాబు

ప్రశ్న (కుదించి): అన్నా, నరసన్నపేటలో బట్టల షాపులో లెక్కలు రాస్తుంటాను. పోస్టాఫీసులో నెలకు 2,000 చొప్పున ఆర్డీ కట్టడం మొదలుపెట్టి మూడున్నరేళ్లయింది. గీత పడని కొత్త నాణేలు పోగుచేయడం నా సరదా. ఒకాయన ఆన్‌లైన్‌లో గ్రేడింగ్ చేసిన 1, 2, 5, 10, 20 రూపాయల నాణేల సెట్ 60,000కి ఇస్తానంటున్నాడు, ఐదేళ్లలో మూడింతలవుతుందట. ఆర్డీ తీసేసి కొనమంటారా? ఇంకొకరేమో నా దగ్గరున్న వైష్ణోదేవి 5 రూపాయల బిళ్లని లక్షకి కొంటానంటున్నారు, ముందు 2,500 రిజిస్ట్రేషన్ కట్టాలట.

తమ్ముడూ, ఆర్డీ జోలికి వెళ్లకు. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, మూడేళ్లు దాటాక మూసే వీలుంది గానీ గడువుకి ఒక్కరోజు ముందు మూసినా ఖాతా తెరిచినప్పుడు చెప్పిన వడ్డీ రాదు, మొత్తం కాలానికీ సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే లెక్కకడతారు. మరీ అవసరం పడితే అందులో ఉన్న సొమ్ములో సగం వరకు అప్పు కూడా ఇస్తారు, కానీ అది ఆసుపత్రి ఖర్చులాంటి వాటికి అట్టేపెట్టుకో, నాణేలకి కాదు.

నీ సరదా మీద నాకేం పేచీ లేదు. పైగా అది దాదాపు ఉచితంగా తీరే సరదా, ఆ అమ్మేవాడే దానికి 60,000 రేటు కట్టాడు. ఇప్పుడు చెలామణిలో ఉన్న నాణేలు ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో కోట్ల లెక్కన తయారవుతాయి కాబట్టి వాటిలో చాలావాటిని అరుదైనవి అనలేం, విలువంటూ వస్తే అది నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందన్న దాన్నిబట్టే. అలాంటి నాణెం దొరికేది బ్యాంకు కౌంటర్లో, దాని మీద రాసున్న ధరకే.

శ్రీకాకుళం వెళ్లినప్పుడు కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంకు తరఫున నోట్లు, నాణేలు నిల్వ ఉంచే చోటు) ఉన్న పెద్ద బ్రాంచీలో క్యాషియర్ని రద్దీ తగ్గాక అడుగు, సీలు విప్పని కొత్త నాణేలు ఉన్నాయా అని. మన దగ్గర పది రూపాయల బిళ్ల ఇస్తే షాపులవాళ్లు మొహం చిట్లిస్తారు (రిజర్వ్ బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని 2018లోనే చెప్పినా సరే!), అందుకని చిల్లర పట్టుకెళ్తానంటే బ్యాంకువాళ్లకీ సంతోషమే. వంద 20 రూపాయల బిళ్లలంటే 2,000, సరిగ్గా నీ నెల వాయిదా అంత. వాటిని ఇంటికి తెచ్చి, గుడ్డ పరిచి, ఒక్క బల్బు వెలుతురులో అంచులు మాత్రమే పట్టుకుని మెల్లగా వంచి చూడు. తాకని నాణెం మీద మెరుపు నిన్ను చూస్తూ తిరుగుతున్నట్టు కదులుతుంది, వాడినదానికి ముందు సింహాల మొహాల దగ్గర, అంకె గట్ల మీద ఆ మెరుపు చస్తుంది. అప్పుడే సీలు విప్పినవైనా అన్నీ బాగుండవు, టంకశాలలోనే ఒకదాని మీద ఒకటి పడి గాట్లు తింటాయి, వందలో నాలుగో ఐదో నీ మనసుకి నచ్చితే గొప్పే. మిగతావి షాపు గల్లాలో ఇచ్చి నోట్లు తీసుకో, కాకపోతే ఒకేసారి వెయ్యి రూపాయలకి మించి నాణేలు తీసుకోవాలని చట్టం ఎవర్నీ బలవంతపెట్టదు, కొంచెం కొంచెంగా మార్చుకో.

సంవత్సరం కింద గుర్తు కూడా చూసుకో: చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. 2022లో వచ్చిన ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ సిరీస్‌లో 1 నుంచి 20 వరకు ఐదు విలువలూ ఉన్నాయి, మొదలుపెట్టడానికి అది మంచి లక్ష్యం. హుండీ చిల్లర కోసం మాత్రం తిరగకు, అరసవల్లి అయినా పైడితల్లి గుడి అయినా పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు తగిలిన బిళ్లకి మళ్లీ మెరుపు రాదు, చింతపండుతో తోమితే ఇంకా పాడవుతుంది.

దాచేటప్పుడు మెత్తని పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకి నాణెం మీద పచ్చటి జిడ్డు పట్టిస్తాయి. మైలార్ ఫ్లిప్పులు (పీవీసీ లేని పారదర్శక నాణేల కవర్లు) కొను, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యి, మన సముద్రపు గాలికి పసుపురంగు 5 రూపాయల బిళ్ల తొందరగా నల్లబడుతుంది.

ఆ 60,000 సెట్ విషయానికొస్తే, గ్రేడింగ్ అంటే నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే 70 పాయింట్ల కొలత, 60 నుంచి పైవి వాడని నాణేలు. ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే గ్రేడింగ్ కంపెనీలు నాణేన్ని సీలుచేసి ఇచ్చే డబ్బాల మీద నంబరు ఉంటుంది, వాళ్ల వెబ్‌సైట్లో సరిచూసుకోవచ్చు. నంబరు అడుగు, ఇవ్వకపోతే మాట అక్కడితో ఆపెయ్. నంబరు నిజమే అయినా మామూలు నాణేనికి గ్రేడింగ్ ఖర్చే నాణెం రేటుని మించిపోతుంది, ఆ ఖర్చంతా నీ మీద వేసి అమ్ముతున్నాడు. రేపు నువ్వు అమ్మాలంటే నరసన్నపేటలో కొనేదెవరు? విశాఖో హైదరాబాదో వెళ్లి డీలరు చెప్పిన రేటుకి ఇచ్చి రావాలి. మూడింతలవుతుందన్న మనిషినే అడుగు, ఐదేళ్ల తర్వాత రెండింతలకి తిరిగి కొంటానని రాసిస్తాడేమో.

సరదాకి నెలకి 300 పక్కన పెట్టుకో, ఫ్లిప్పులకీ భూతద్దానికీ చాలు.

వైష్ణోదేవి బిళ్ల 2012 నాటిది, దానికి లక్ష ఎవరూ ఇవ్వరు. పాత నాణేలు కొంటామంటూ ముందు ఫీజో, కమీషనో, పన్నో కట్టమనే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ఆ 2,500 పంపకు. ఇప్పటికే పంపేసి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది.