ఐపీ నోటీసు చూసి పిల్లాడి మనోవర్తి వదులుకోకు

అమ్మలూ,

రాత్రి ఫోనులో నువ్వు ఏడుస్తూ చెప్పినదాంట్లో సగమే అర్థమైంది. పొద్దున వాట్సాప్‌లో నోటీసు ఫోటో చూశాక మిగతా సగం తెలిసింది. గుంటూరు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో నీ మాజీ మొగుడు ఐపీ, అంటే దివాలా పిటిషను, వేశాడు. అప్పులవాళ్ళ జాబితాలో నీది 37వ పేరు. పైన ఫైనాన్సు వాళ్ళు, కింద కోల్డ్ స్టోరేజి వాళ్ళు, మధ్యలో నువ్వు, నీ పేరుకెదురుగా "మనోవర్తి బకాయి" అని ఒక అంకె. పిల్లాడి అన్నం డబ్బుల్ని మిర్చి బస్తాల బాకీల మధ్య ఇరికించాడు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

మీ మేనత్త ఏం చదువుకుందని చట్టం చెబుతోంది అనుకోకు. గుంటూరు కోర్టు ఎదురుగా చెట్టు కింద టైపు మిషను పెట్టుకుని 31 ఏళ్ళు బతికాను. ఈ ఊళ్ళో ఐపీ పెట్టినవాళ్ళలో ఎందరి కాగితాలు నా వేళ్ళ కింద నలిగాయో లెక్కలేదు. ఆస్తుల వివరం దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఒకటే పాట: "వాడుకలో ఉన్న బట్టలు, వంట సామాను, విలువ 500 రూపాయలు." వేలికి ఉంగరం పెట్టుకుని నా ఎదురుగా కూర్చునే ఆ ముక్క చెప్పేవాళ్ళు. నేను కొట్టేదాన్ని. నా పని అది.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. మన దగ్గర మామూలు మనిషి దివాలాకి ఇప్పటికీ నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గానీ, అందులో వ్యక్తుల భాగం కంపెనీ అప్పులకు హామీ సంతకాలు పెట్టినవాళ్ళ వరకే అమల్లోకి తెచ్చారు. ఆ పాత చట్టం ప్రకారం ఐపీ మంజూరై, తర్వాత అప్పుల నుంచి విడుదల చేసే డిశ్చార్జి ఆర్డరు కూడా వస్తే, మామూలు అప్పులు దాదాపుగా పోతాయి. పోనివి కొన్ని ఉన్నాయి. 44వ సెక్షన్లో రాసి ఉంది: ప్రభుత్వ బాకీ, మోసం చేసి తెచ్చిన అప్పు, ఇంకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488 కింద ఇచ్చిన మనోవర్తి ఆర్డరు. ఆ 488 అనేది 1898 కోడ్‌లో నంబరు. 1973లో అదే 125 అయింది. 2024 జులై 1 నుంచి, ఆ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. నంబరు మారినంత మాత్రాన బాధ్యత మారదు, పాత చట్టం చదివేటప్పుడు కొత్త నంబరు పెట్టి చదువుకోవాలి. 2016 దివాలా కోడ్‌లో కూడా మనోవర్తిని మాఫీ కాని బాకీల్లోనే పెట్టారు.

ఇప్పుడు నీ బీరువా తీసి కాగితాలు రెండు కట్టలుగా పెట్టు. విజయవాడ ఫ్యామిలీ కోర్టు 2023లో పిల్లాడికి నెలకు 12,000 ఇవ్వమని 125 కింద ఇచ్చిన ఆర్డరు ఒక కట్ట. తర్వాత విడాకులప్పుడు ఒప్పంద పత్రంలో నీకు రాసిన 6 లక్షలు ఇంకో కట్ట. అందులో ఒక చెక్కు 2 లక్షలది మారింది, మిగతా రెండు నీ దగ్గరే ఉన్నాయి కదా. ఈ రెండూ ఒకటి కావు. పిల్లాడి ఆర్డరు 44వ సెక్షన్ గొడుగు కింద నిలబడుతుంది. ఆ 4 లక్షలు మాత్రం అవతలివాళ్ళు మామూలు అప్పేనని వాదిస్తారు, వాదన నెగ్గినా నెగ్గుతుంది. దానికి లాయరు గట్టిగా కష్టపడాలి. నేనైతే అప్పుడే చెప్పాను, ఒకేసారి మొత్తం అని చెక్కులు తీసుకోకే, వ్యాపారస్తుడి చెక్కు ఎండాకాలం మబ్బు లాంటిది అని. సరే, ఇప్పుడు ఎందుకులే.

నోటీసులో ఉన్న వాయిదాకి నువ్వు వెళ్ళాలి. "నా బాకీ ఎలాగూ పోదుగా, నేనెందుకు" అని ఇంట్లో కూర్చోకు. దివాలాదారుడిగా ప్రకటించాక, అరెస్టు చేయకుండా రక్షణ ఇవ్వమని అతను కోర్టును అడుగుతాడు. ఆ రక్షణ అన్ని అప్పులకూ ఇవ్వాలా, కొన్నిటికేనా అన్నది జడ్జిగారి ఇష్టం. నువ్వు లేకపోతే గంపగుత్తగా ఇచ్చేస్తారు. నువ్వు కౌంటరు, అంటే జవాబు, వేసి, పిల్లాడి మనోవర్తిని దాంట్లోంచి మినహాయించండి అని ఒక్క పేరా రాయిస్తే, రేపు ఫ్యామిలీ కోర్టు వారంటు వేసినప్పుడు అతను ఆ కాగితం అడ్డం పెట్టుకోలేడు.

ఇంకో ఉపయోగం ఉంది. విచారణ రోజున అప్పులవాళ్ళ ఎదుట జడ్జిగారు అతని వ్యవహారాలూ ఆస్తులూ అడుగుతారు. హాజరైన అప్పులవాళ్ళకి ప్రశ్నలు వేసే హక్కు చట్టంలోనే ఉంది. నీ పేరు జాబితాలో పెట్టి అతను నీకు మేలే చేశాడు. 37వ నంబరుగా లేచి అడుగు.

ఏం అడగాలంటావా? ఇక్కడ టైపు దాని తెలివి చెబుతాను. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ వేసి తీరాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కేసు 2023 కాబట్టి అతను అది వేసే ఉంటాడు. దాని సర్టిఫైడ్ కాపీ తీయించు. ఐపీ పిటిషను కాపీ పక్కన పెట్టు. స్కేలు పెట్టి వరస వరసా చదువు. ఒకసారి ఒకాయన మనోవర్తి కౌంటరు నేనే కొట్టాను, "ప్రత్తిపాడు దగ్గర ఎకరం 60 సెంట్లు ఉంది గానీ పంట రావడం లేదు" అని. ఏడాదిన్నరకి ఐపీకి వచ్చాడు. ఎకరం 60 సెంట్లు లేదు. ఏదండీ అంటే నా వైపు చూసి నవ్వి, "మా అక్కయ్యకి గిఫ్టు రాశానమ్మా" అన్నాడు. ఐపీ వేయడానికి ముందు రెండేళ్ళలోపు అలా ఊరికే రాసిచ్చినవి చెల్లవని రిసీవరు, అంటే దివాలా ఆస్తులు చూడ్డానికి కోర్టు పెట్టే మనిషి, రద్దు చేయించవచ్చు. కావాలని ఆస్తి దాచితే ఏడాది దాకా జైలు కూడా ఉంది. మీవాడి తోట సంగతి నీకు తెలుసుగా, అది రెండు కాగితాల్లోనూ ఉందేమో చూడు.

ఇదే లెక్క నీకూ ఎదురు తిరుగుతుంది, జాగ్రత్త. "డబ్బుల్లేవు, నా వాటా ఫ్లాటు నీ పేర రాసేస్తాను, కేసులొద్దు" అని అతను వాళ్ళ నాన్నతో మొన్న కబురు పంపాడన్నావు. ఐపీ వేశాక అతను రాసిచ్చేది అప్పులవాళ్ళ ముందు నిలవదు. స్టాంపు డ్యూటీ కట్టేది నువ్వు, ఇల్లు పోయేది నీకు.

బకాయి విషయం నా సొంత దెబ్బతో చెబుతాను, ఇది నువ్వు ఎప్పుడూ వినలేదు. 1994లో మీ మామయ్య పొగాకు వ్యాపారంలో పోగొట్టుకుని ఐపీ పెట్టాడు. నాకూ మీ బావకీ అప్పటికే ఆర్డరు ఉంది, మనిషికి నెలకు 500. అప్పట్లో చట్టం పరిమితే అంత, 2001లో గానీ తీసేయలేదు. ఐపీ పెట్టుకోవడానికి అర్హత ఎంతో తెలుసా? 500 రూపాయల అప్పు. ఇప్పటికీ అంతే. ఆ రెండు అయిదొందల్నీ ఒకే రోజు టైపు కొట్టి నవ్వుకున్న రోజులున్నాయి. ఒక లాయరుగారు "ఐపీ అయ్యాక ఏం వస్తుందమ్మా" అన్నాడు. నమ్మాను. 15 నెలలు ఊరుకున్నాను. తర్వాత ఎవరో చెబితే పిటిషను వేశాను. మొదటి 3 నెలల డబ్బు పోయింది. ఏ నెల బాకీకి ఆ నెల నుంచి ఏడాదిలోపు అడగకపోతే దానికి వారంటు రాదు. ఇద్దరికీ కలిపి 3,000. మీ బావ బడి ఫీజు అది.

నీ బకాయికి 9 నెలలు నిండాయి. ఈ నెల దాటనివ్వకు. విజయవాడలో నీ ఆర్డరు ఇచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే బకాయి పిటిషను వెయ్యి, గుంటూరు ఐపీ తేలేదాకా ఆగక్కర్లేదు. ఎగ్గొట్టిన ఒక్కో నెలకీ నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకి వెళ్ళొచ్చాడని బాకీ తీరిపోదు, 1988లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

అతనికి ఇప్పుడు ఏ దారిన డబ్బు వస్తోందో అదే అసలు ప్రశ్న. ఆస్తులు ఒకసారి రిసీవరు చేతికి పోతే వాటి మీద నువ్వు నేరుగా పడలేవు, కోర్టు అనుమతి కావాలి. కానీ తమ్ముడి కొట్టులో జీతానికి ఉన్నానంటున్నాడట కదా. బోర్డు మీద పేరు తమ్ముడిది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఇతను. పోనీ జీతమే అనుకుందాం. మామూలు అప్పువాడు జీతం జప్తు చేయిస్తే మొదటి 1,000 వదిలేసి, మిగతాదాంట్లో మూడో వంతే దక్కుతుంది. మనోవర్తికైతే తిరగబడుతుంది: అతనికి మూడో వంతు వదిలి, మూడింట రెండు వంతులు పట్టవచ్చు. ఫైనాన్సు వాళ్ళకి లేని పట్టు నీ పిల్లాడికి ఉంది.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా అంది. వజ్రాల ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన బ్యాంకు అప్పుల సాకు చెబితే, భార్యాపిల్లల మనోవర్తి జీవించే హక్కులో భాగం, బ్యాంకుల కంటే, దివాలా కోడ్ కింద వచ్చే అప్పులవాళ్ళ కంటే అదే ముందు అని చెప్పింది. ఆ తీర్పు కాపీ మీ లాయరు చేతిలో పెట్టు. అన్నీ చదివే లాయర్లు తక్కువ, మనం అందిస్తే చదువుతారు.

అయితే ఒక మాట, నన్ను తిట్టుకోకు. అతను నిజంగా మునిగి ఉంటే, 12,000 తగ్గించమని నాగరిక్ సురక్షా సంహిత 146 కింద పిటిషను వేస్తాడు. అప్పులు పెరిగాయన్న ఒక్క కారణం చాలదు, ఒళ్ళు వంచి పని చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు అంది. అయినా జడ్జిగారు 8,000కో 9,000కో దింపితే అది అన్యాయమని నేను అనను. నీకూ జీతం వస్తోంది, అదీ లెక్కలోకి వస్తుంది. నెలవారీ తగ్గినా ఫరవాలేదు, పాత బకాయి మాత్రం రూపాయి వదలకు. కోర్టు మార్చేదాకా 12,000 లెక్కే నడుస్తుంది. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి 100 రూపాయల స్టాంపు కాగితం మీద "పిల్లాడికి ఇక ఏమీ అడగను" అని రాయించబోతే సంతకం పెట్టకు. పిల్లాడి హక్కు వదులుకోవడానికి నువ్వెవరు, నేనెవరు.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్ళకీ పిల్లలకీ జీతంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోను చెయ్యి. మీ పెళ్ళయిన కొత్తలో అతని కొట్టు లోనుకి నువ్వేమైనా హామీ సంతకం పెట్టావా? గుర్తు తెచ్చుకో. పెట్టి ఉంటే మొదటి రోజే లాయరుకి చెప్పు, దాచకు, అది వేరే తలనొప్పి.

వాయిదా సోమవారం కదా. ఏడు గంటల బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా మా ఇంట్లో ఉంటావు. పిల్లాణ్ణి కోర్టుకి తీసుకురావద్దు, వాడి ఎదుట ఆ మనిషి చేతులు కట్టుకుని "నా దగ్గర ఏమీ లేదండీ" అనడం వాడు చూడకూడదు. వాణ్ణి మీ మామ్మ దగ్గర వదిలిపెట్టు. అతని అఫిడవిట్ కాపీ, ఐపీ పిటిషను కాపీ, ఆర్డరు కాపీ, మారని చెక్కులు, బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చుకో. స్కేలూ ఎర్ర పెన్నూ నా దగ్గర ఉన్నాయి.

మీ మేనత్త