స్కాన్ రిపోర్టులో ‘కోరిలేషన్’ అని ఉంటే భయపడాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. దాళ్వా నాట్లకు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నడుం నొప్పి. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని, చివర్లో ‘క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అని రాశారు. అది పెద్ద జబ్బా? ఆపరేషన్ చేయించమని చుట్టాలంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అది జబ్బు పేరు కాదండీ. ముందు ఆ భయం వదిలేయండి. సంబంధం కుదిర్చే ముందు రెండు జాతకాలు పక్కన పెట్టి పొంతన చూస్తాం కదా, కోరిలేషన్ అంటే ఆ పొంతనే. స్కాన్ చదివిన డాక్టరు ఫిల్మునే చూశారు, మీ అమ్మగారిని చూడలేదు. ‘నాకు కనిపించింది ఇది, ఆమె బాధకు ఇదే కారణమా అన్నది ఆమెను పరీక్షించే డాక్టరు తేల్చాలి’ అని ఆ మాటకు అర్థం. ఇక డిస్క్ బల్జ్ అంటే, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు కాస్త బయటికి ఉబ్బడం. ఎల్4-ఎల్5 అంటే నడుం దగ్గరి నాలుగు, ఐదు పూసల మధ్య అని.

ఎందుకంత జాగ్రత్త అంటారా? 1994లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ బల్జ్ ఉంది! గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లోనే పులసా వస్తుంది, జ్వరాలూ పెరుగుతాయి. అలాగని జ్వరాలకు పులసే కారణం అనం కదా. బల్జ్, నొప్పి ఒకే మనిషిలో ఉన్నా అంతే.

ఆ డిస్కు, అక్కడి నుంచి కాల్లోకి దిగే ఎల్5 నరాన్ని నొక్కుతుంటే నొప్పి నడుం దగ్గర ఆగదు. పిర్ర నుంచి పిక్క బయటివైపుగా పాదం మీదికి, బొటనవేలి దాకా దిగుతుంది. ఆ వేలు పైకి లేపే బలం తగ్గొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు లేపినప్పుడు ఆ నొప్పి కాల్లోకి లాగుతుందేమో కూడా డాక్టరు చూస్తారు. ఇవన్నీ స్కాన్‌తో కుదిరితేనే డిస్కును అనుమానించాలి. అప్పుడు కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కుదరకపోతే, రోజంతా బురదలో వంగి నాట్లు వేసిన నడుం కండరాలు పట్టేసి ఉండొచ్చు. ఆమెను మంచానికే పరిమితం చేయకండి, ఓర్చుకోగలిగినంత నడవనివ్వండి.

మూత్రం ఆగిపోయినా, మల మూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం వేలాడిపోయి కాలి చెప్పు జారిపోతున్నా మాత్రం అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇంకో మాట. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. నా దగ్గరికీ చాలామంది పిల్లలు రిపోర్టు ఒక్కటే పట్టుకొస్తారు. మనిషి ఎదురుగా లేకుండా దేనితో పొంతన చూడను?