బెంగళూరులో వీలీ కేసు: ఫైన్ కట్టేస్తే అయిపోతుందా?

మీ తమ్ముడు డియో స్కూటర్ మీద ముందు చక్రం లేపి, అంటే వీలీ చేసి, రీల్ పెట్టాడు. బండి మీ పేరున ఉంది కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ మీకొచ్చింది. ఫైన్ కట్టేస్తే అయిపోతుందా, ఎవరు నడిపారో తెలియదని చెప్పొచ్చా, రీల్ డిలీట్ చేయించాలా అని అడిగారు. నేను లాయర్‌ని కాదు. కానీ 2023లో మా పిన్ని కొడుకు ఇదే ఘనకార్యం నా పల్సర్ మీద చేశాడు. ఆ తర్వాత రెండేళ్లు వాడితో పాటు నేనూ తిరిగాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను బోల్తా పడింది అక్కడే.

హెన్నూరు దాటాక బాగలూరు వైపు రోడ్డు ఆదివారం తెల్లారేసరికి ఖాళీగా ఉంటుంది. అక్కడ తీసిన రీల్ అది. స్టేషన్‌లో నన్ను కూర్చోబెట్టి బండి ఎవరు నడిపారని అడిగారు. "నాకు తెలీదు సార్, ఫ్రెండ్స్ ఎవరెవరో తీసుకెళ్తుంటారు" అన్నాను. హెడ్ కానిస్టేబుల్ ఏమీ అనలేదు. ఫోన్ తీసి, సౌండ్ పూర్తిగా పెంచి రీల్ పెట్టాడు. పాట వెనకాల వీడియో తీస్తున్నవాడి గొంతు స్పష్టంగా వినబడుతోంది: "లేపరా చిన్నా, ఇంకొంచెం లేపు!" మా వాణ్ని ఇంట్లో పిలిచే పేరు చిన్నా. వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు, ఐదు నిమిషాల ముందు వాణ్ని అదే పేరుతో పిలిచి నీళ్ల బాటిల్ తెమ్మన్నాను. "మాది ముళబాగిలు సార్, ఇంట్లో తెలుగే" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేసి కన్నడలోకి మారాడు. "ఈగ హేళి, యారు ఓడిసిద్దు?" ఇప్పుడు చెప్పండి, ఎవరు నడిపారు అని.

కాబట్టి తెలియదని చెప్పకండి. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత ఓనర్‌దే. ఇంకెవరి పేరో చెబితే అది ఇంకా పెద్ద తలనొప్పి. మీ తమ్ముడికి 20 ఏళ్లన్నారు, అదొక్కటే ఊరట. 18 నిండనివాడైతే 199ఏ సెక్షన్ కింద కేసు మీ మీదకే వచ్చేది: ఓనర్‌కి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు.

ఇక ఫైన్ సంగతి. సిగ్నల్ జంప్‌కి వచ్చే చలానా లాంటిది కాదండి ఇది. ఒక్క వీలీకి రెండు చట్టాలు తగులుతాయి. మోటారు వాహనాల చట్టంలో 184, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000. ఇద్దరు ముగ్గురు కలిసి పందెం వేసుకున్నారంటే 189 కూడా చేరుతుంది. రెండో చట్టం క్రిమినల్ చట్టం. మా వాడి టైంలో అది ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 279, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 281. నంబర్ మారింది కానీ శిక్ష మారలేదు: ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలే కదా అని మా పిన్ని కూడా అంది. ఈ సెక్షన్ బెయిలబుల్, మా వాణ్ని సాయంత్రానికి స్టేషన్ నుంచే వదిలేశారు. అందుకే అంతా అయిపోయిందనుకున్నాం, బయటికొచ్చి దోసెలు కూడా తిన్నాం.

అసలు తంతు తర్వాత మొదలైంది.

ముందు బండి. దాన్ని స్టేషన్ పక్క ఖాళీ స్థలంలో పెట్టారు. అక్కడ కొన్ని బండ్లు ఎంత కాలంగా ఉన్నాయంటే చక్రాల కమ్మీల్లోంచి తీగలు అల్లుకున్నాయి. మా బండి 19 రోజులకే వచ్చింది, అదృష్టవంతులమే. కోర్టులో ఓనర్‌గా నేను అర్జీ పెట్టుకోవాలి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ చూపించాలి, ఇండెమ్నిటీ బాండ్, అంటే నష్టం వస్తే నేనే భరిస్తానన్న పత్రం రాసివ్వాలి, ఒక ష్యూరిటీని, అంటే హామీ ఉండే మనిషిని తీసుకురావాలి. కేసు తేలేదాకా అమ్మకూడదు, ఏ మార్పూ చేయకూడదు, పిలిచినప్పుడు తెచ్చి చూపించాలి. తమాషా ఏంటంటే మా వాడు అద్దాలు రెండూ పీకేశాడు, సైలెన్సర్ మార్చాడు, నంబర్ ప్లేట్ లోపలికి మడిచాడు. అవన్నీ మళ్లీ కంపెనీ వాటిలా బిగించడానికి నా జేబులోంచి ఖర్చు. ప్లేట్ మడవడం అన్నిటికన్నా తెలివితక్కువ పని. కావాలనే చేశాడని చెప్పడానికి వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? పోనీ దానివల్ల దాక్కున్నదేమైనా ఉందా అంటే, రీల్‌లో మలుపు తిరిగేటప్పుడు ఒక్క సెకను నంబర్ మొత్తం కనిపిస్తుంది.

తర్వాత లైసెన్స్. పోలీసులు దాన్ని తీసుకుని ఆర్‌టీఓకి పంపారు, సంజాయిషీ అడుగుతూ నోటీసు, ఆ తర్వాత ఆరు నెలల సస్పెన్షన్. దీనికే ఏడ్చాడు మా వాడు. అప్పుడు నేను టీటీఎఫ్ వాసన్ సంగతి చెప్పాను. 2023 సెప్టెంబరులో చెన్నై-బెంగళూరు హైవే మీద కాంచీపురం దగ్గర వీలీ చేస్తూ పడిపోయిన తమిళ యూట్యూబర్. అరెస్టయ్యాడు, నవంబరు దాకా జైల్లోనే ఉన్నాడు, లైసెన్స్ పదేళ్లకి, అంటే 2033 అక్టోబరు దాకా పోయింది.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని విషయం. పాత 279 అయినా ఇప్పటి 281 అయినా, ఈ కేసు రాజీ పడేది కాదు. కోర్టులో నడవాలి, లేదా హైకోర్టు కొట్టేయాలి, లేదా తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాలి. చార్జిషీట్ పడి సమన్లు రావడానికే నెలలు పట్టింది. ఈలోగా చిన్నా ఎంఎస్‌కి వెళ్లాలని పాస్‌పోర్టుకి అప్లై చేశాడు. క్రిమినల్ కేసులు పెండింగ్ ఉన్నాయా అన్న చోట 'లేదు' అని కొట్టాడు. "ట్రాఫిక్ కేసే కదన్నా" అన్నాడు నాతో. పోలీస్ వెరిఫికేషన్‌లో బయటపడింది, ఎందుకు దాచావని సంజాయిషీ అడిగారు. మళ్లీ కోర్టుకి వెళ్లి అనుమతి తెచ్చుకుంటే ఇచ్చింది ఒక్క ఏడాది పాస్‌పోర్టు. కోర్టు ఆర్డర్‌లో గడువు రాయకపోతే అంతే ఇస్తారట.

చివరికి తప్పు ఒప్పుకుని వెయ్యి కట్టాడు, పది నిమిషాల్లో తేలిపోయింది. కానీ అది చలానా కట్టడం కాదు, నేరం రుజువైనట్టే లెక్క. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, శిక్ష పడిందా అని అడుగుతారు. మా వాడు అక్కడ 'అవును' కొట్టి, కింద వివరం రాసి, కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలు ఫైల్లో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లాడు. వీసా వచ్చింది. కానీ ముందు రోజు రాత్రి ఎవరం నిద్రపోలేదు. అందుకే, మొదటి వాయిదాలోనే ఒప్పేసుకోమని ఎవరైనా చెబితే, లాయర్‌తో కూర్చుని ముందు ముందు ఏమవుతుందో అడిగాకే సరేననండి. ఒప్పుకోవద్దని నేను అనడం లేదు, తొందరపడొద్దంటున్నా.

మీ తమ్ముడు ఎవరినీ గుద్దలేదు, పోలీసులతో గొడవ పడలేదు అన్నారు. అది చాలా పెద్ద విషయం. గంగావతి దగ్గర వీలీ ఆపబోయిన పోలీసుల మీద తిరగబడ్డారన్న కేసులో 2025లో కర్ణాటక హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు, పైగా వీలీలకి ఇప్పుడున్న చట్టం చాలదు, గట్టి చట్టం తెమ్మని ప్రభుత్వానికి చెప్పింది. జనం కూడా విసిగిపోయి ఉన్నారు. 2024 ఆగస్టులో తుమకూరు రోడ్డు ఫ్లైఓవర్ మీద వీలీలు చేసేవాళ్ల స్కూటర్లు రెండు ఎత్తి కిందికి విసిరేశారు, ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. అది తప్పే, కానీ ఆ కోపం నాకు అర్థమవుతుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. 2025 జూలైలో సుప్రీంకోర్టు, అదీ కర్ణాటక నుంచి వెళ్లిన ఒక కారు కేసులోనే, తన నిర్లక్ష్యంతో తానే చనిపోయినవాడి కుటుంబానికి బీమా కంపెనీ పరిహారం ఇవ్వక్కర్లేదంది. ఇది అమ్మానాన్నలకి చెప్పండి, తమ్ముడికి మీరు చెప్పేదానికన్నా వాళ్ల మాట పనిచేస్తుంది.

రీల్ విషయం. డిలీట్ చేయించకండి. వాళ్లు ఫోన్ చేశారంటే వీడియో ఈపాటికే వాళ్ల దగ్గర సేవ్ అయి ఉంటుంది, తీసేస్తే ఆధారం చెరిపేశారన్న మాట కొత్తగా పుడుతుంది. కొత్తవి మాత్రం ఏవీ పెట్టొద్దనండి, స్టేషన్ ముందు సెల్ఫీలతో సహా. మా వాడి ఫ్రెండ్ ఒకడు అది కూడా పెట్టాడు.

రేపు మీరిద్దరూ కలిసే వెళ్లండి. అడిగినదానికి తమ్ముణ్ణే జవాబు చెప్పనివ్వండి, మీరు మధ్యలో దూరొద్దు. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, వాడి లైసెన్స్ ఒరిజినల్స్ పట్టుకెళ్లండి, ఒక్కోదానికి మూడేసి జిరాక్స్‌లు ఇవాళ రాత్రే తీయించుకోండి. పొద్దున ఆ దగ్గర్లో ఒక్క షాపూ తెరిచి ఉండదు.