కుళాయి విప్పగానే వచ్చే మొదటి నీళ్లు

“కుళాయి నీళ్లు తేటగా ఉన్నాయి, పైగా క్లోరిన్ కలిపే పంపుతున్నారు, ఇంకా కాచి తాగాలా?” అని మీరు అడిగారు. తప్పకుండా కాచే తాగాలి. తేటదనాన్ని నమ్మి దెబ్బతిన్న ఇల్లు మాది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా అమ్మాయికి జ్వరం పట్టుకుని వారం దాటినా దిగలేదు. ఒకే ఒక్క విడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ కాదన్నారు. తొలి రోజుల్లో ఆ పరీక్షను నమ్ముకోలేమనీ, రక్తాన్ని, దానిలోని క్రిములను పెంచి గుర్తించే కల్చర్‌కు పంపాలనీ మాకు ఎవరూ చెప్పలేదు. అలా పోయిన అయిదు రోజులను తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చివరికి కల్చర్‌లో టైఫాయిడ్ క్రిమి అయిన సాల్మొనెల్లా టైఫి బయటపడింది.

పిల్ల కోలుకున్నాక నీటి పరీక్ష సీసాలు మూడు తెచ్చాను. 1982లో భారతీయ శాస్త్రవేత్తలు వెలువరించిన పద్ధతి అది. మందు పట్టించిన కాగితం ఉన్న సీసాలో నీళ్లు పోసి మూత బిగిస్తే, మలంతో పాటు వచ్చే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును పుట్టించి ఆ నీటిని నల్లబరుస్తుంది. ఉష్ణమండల నగరాల్లో దీనికి గది వేడే చాలు. నీళ్లు వదలగానే పట్టినవి ఒక సీసాలో, అరగంట ఆగి పట్టినవి రెండో దానిలో, కాచి చల్లార్చినవి మూడో దానిలో పోశాను. పోసినప్పుడు మూడూ ఒక్కలాగే ఉన్నాయి. మర్నాటి ఉదయానికి మొదటి సీసా సిరా పోసినట్టు నల్లబడి, లోపలి కాగితం కూడా కనిపించలేదు. రెండోది సాయంత్రానికి నలుపెక్కింది. మూడోది మారలేదు. ఆ నలుపు టైఫాయిడ్ క్రిమి ఉందని చెప్పదు, మురుగు కలిసిందని మాత్రమే హెచ్చరిస్తుంది. నాకు అది చాలు.

నా ఉద్దేశంలో అసలు దోషం శుద్ధి కేంద్రానిది కాదు, రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే నీళ్లు వదిలే పద్ధతిది. సరఫరా ఆగాక గొట్టంలో పీడనం పడిపోతుంది. పక్కనున్న మురుగు పగుళ్ల గుండా లోపలికి చేరి, మళ్లీ నీళ్లు వదలగానే అందరికంటే ముందు మన బిందెలోకి వస్తుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కానీ మురుగు కలిస్తే దానిలోని మలినాలే ఆ క్లోరినును హరించేస్తాయి. అందుకే క్లోరిన్ వాసన వస్తోందని ఫిర్యాదు చేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. 1854లో లండన్‌లో కలరా ప్రబలినప్పుడు, బ్రాడ్ వీధి పంపు నీళ్లు రుచిగా ఉంటాయని దూరాన ఉండి కూడా తెప్పించుకుని తాగిన ఒక వితంతువు ఆ జబ్బుతోనే మరణించిందని జాన్ స్నో అనే వైద్యుడు నమోదు చేశాడు. రుచి ఆమెను కాపాడలేదు, తేటదనం మమ్మల్ని కాపాడలేదు.

తరువాత తవ్వించి చూస్తే, మా ఇంటి గొట్టం మురుగుకాలువను దాటే చోట తుప్పు తిన్న చిల్లు కనిపించింది. గొట్టం మార్పించాక మళ్లీ పరీక్షించినప్పుడు సీసా నల్లబడలేదు. అయినా వీధి గొట్టం పాతదే, సరఫరా వేళలూ పాతవే. కాబట్టి మొదటి నీళ్లను కడుగుళ్లకు వదిలేసి, తాగేవాటిని తెర్లిన తరువాత మరో నిమిషం మరగనిచ్చి, చెయ్యి ముంచే వీలు లేని మూతపాత్రలో పోస్తున్నాము.