పైన్ చెట్ల మధ్య కెమెరా పెట్టేముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

కేప్‌టౌన్‌లోని నీ యూదు స్నేహితురాలు తీసే చిత్రానికి ఛాయాగ్రహణం చేయడానికి ఇజ్రాయెల్‌లో తిబెరియ ఊరి దగ్గరున్న ‘దక్షిణాఫ్రికా అడవి’కి వెళ్తున్నావని మీ నాన్న చెప్పిన రాత్రి, సగం గర్వంతో సగం దిగులుతో నాకు నిద్ర పట్టలేదు. టెల్ అవీవ్ విమానాశ్రయంలో ఎంతసేపు ప్రశ్నించినా అబద్ధమాడకు. తీసిన ప్రతిదానికీ ఆ రాత్రే నకలు తీసి వేరే సంచిలో ఉంచు.

దక్షిణాఫ్రికా యూదులు నీలం విరాళాల డబ్బాల్లో వేసిన చిల్లరతో యూదు జాతీయ నిధి అనే సంస్థ నాటించిన ఆ చెట్ల కింద, 1948 జూలైలో జనం వెళ్ళిపోవలసి వచ్చి ఆనక నేలమట్టమైన లూబ్యా అనే పాలస్తీనా ఊరు ఉంది. యూరప్‌లో తమవాళ్ళు లక్షలాదిగా హతమైన తరవాత డబ్బాలో నాణెం వేసిన పిల్లలకు అది తలదాచుకునే నేలలో ఒక చెట్టు, అంతే. ఆ భయాన్ని చులకన చేయకు. నీ స్నేహితురాలు తనవాళ్ళను తానే నిలదీస్తున్నది. ఆ ప్రశ్నను నువ్వు ఒక జాతి మొత్తం మీద తీర్పుగా మార్చకు.

ఇక నా తప్పు విను. శ్రీశైలం జలాశయంలో ఊళ్ళు మునిగిన కొన్నేళ్ళకు ఒక ముసలాయన నన్ను పుట్టిలో నీళ్ళ మధ్యకు తీసుకువెళ్ళి, తన పొలాల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పాడు. రీలు ఖరీదని కెమెరా ఆపేశాను, టేపు మాత్రం తిరిగింది. ఆ డ్యాము కరెంటు వెలుగులోనే కూర్చుని ఎడిటింగు చేస్తూ, ‘ఈ వెలుగులో నాకూ పాపమున్నది’ అని నా గొంతుతో నాలుగు నిమిషాలు వాపోయి, ఆయనకు ఎనిమిది సెకన్లు మిగిల్చాను. పునరావాస కాలనీలో తెర కట్టి చూపిస్తే అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన మాత్రం, “నా చేలపేర్లు ఏవయ్యా?” అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కాల్చుతుంది తల్లీ.

మీ చిత్రంలోనూ పశ్చాత్తాపం అందంగా మాట్లాడుతుంది, పైన్ చెట్ల మీద వెలుతురు అంతకన్నా అందంగా పడుతుంది. లూబ్యా వాళ్ళు కొందరు గలిలయలోనే ఉన్నారు, కొందరు డెన్మార్క్ దాకా చేరారు. వాళ్ళలో ఏ పెద్దమనిషైనా చేలపేర్లు చెప్పడం మొదలుపెడితే, నీకు అరబ్బీ రాదని, కార్డు నిండుతుందని కెమెరా ఆపకు.

నా టేపు నిన్న బీరువాలోంచి తీశాను. బూజు పట్టింది. పదకొండు పేర్లు మాత్రం వినిపించాయి.

మీ పెద్దనాన్న