ర్యామ్ మార్చినా తప్పని హ్యాంగ్

ప్రశ్న: రాజమండ్రిలో చిన్న డీటీపీ, జిరాక్సు షాపు నడుపుతున్నానండి. ల్యాప్‌టాప్‌లో మా తమ్ముడు లైనక్స్ మింట్ 21 వేసిచ్చాడు. లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్, ప్రింటరు అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. కానీ రోజుకోసారైనా స్క్రీను ఉన్నది ఉన్నట్టు బిగుసుకుపోతోంది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. పాట పెట్టుకుంటే ఒకే ముక్క టటటటమని మోగుతూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడమే. మొన్న ఒక పెళ్లిపత్రిక సగంలో పోయింది. రిపేరు షాపులో ముందు ర్యామ్ మార్చారు, తర్వాత ఎస్ఎస్‌డీ మార్చి మళ్లీ అంతా కొత్తగా వేశారు. ఏమీ తేడా లేదు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు. పెద్ద పెద్ద పీడీఎఫ్‌లు దిగుతున్నప్పుడు ఎప్పుడూ ఆగలేదు. గిరాకీ లేక ఖాళీగా కూర్చున్నప్పుడో, వాట్సాప్ వెబ్‌లో ఒక మెసేజ్ వచ్చినప్పుడో ఆగుతుంది. ఇంటి దగ్గర వైఫై ఆపేసి ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి నెట్ వాడతాను. అక్కడ ఈ బాధ లేదు. కిందటిసారి మీరు అడిగిన ఫోటోలు జత చేశాను.
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మదర్‌బోర్డుకి డబ్బు కట్టకండి.

మీ ఉత్తరంలో రెండు మాటలు చాలా విలువైనవి. ఒకటి, పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు ఆగదు, ఖాళీగా ఉన్నప్పుడే ఆగుతుంది అన్నది. ర్యామ్ చెడితే ఇలా వేళ చూసుకుని ఆగదు. పని ఎక్కువైనప్పుడు ఇంకా తొందరగా బయటపడుతుంది. రెండోది, షాపులో ఆగుతుంది, ఇంట్లో ఆగదు అన్నది. రిపేరు షాపువాళ్లు ఈ రెండూ అడిగి ఉంటే మీకు ర్యామ్ ఖర్చు తప్పేది. అడగరు, ఎందుకంటే అడిగితే బిల్లు రాయడానికి ఏమీ మిగలదు.

ఇక ఫోటోలు. మొదటిది ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే కమాండు చూపించినది. (పత్రికలో కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే పడతాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి, గీతలతో సహా.) మీ వైఫై చిప్ నంబరు 10ఈసీ:సీ821. ఇందులో 10ఈసీ అంటే రియల్‌టెక్, సీ821 అంటే ఆర్‌టీఎల్8821సీఈ. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదే ఉంటుంది. దాన్ని నడిపే డ్రైవరు ఆర్‌టీడబ్ల్యూ88, అది కెర్నల్‌తోనే (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) వస్తుంది.

రెండో ఫోటోకి మీకు నిజంగా దండం పెట్టాలి. మెషీను బిగుసుకుపోయాక స్క్రీను మీద ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో తీశారు. ఇది ఎందుకు అవసరమైందో మిగతా పాఠకులకు చెప్తాను. హ్యాంగ్ అయిన మెషీన్ని మళ్లీ ఆన్ చేశాక జర్నల్‌సీటీఎల్ -బీ -1 -కే అని కొడితే అంతకుముందు నడిచినప్పటి కెర్నల్ లాగ్ వస్తుంది. చాలాసార్లు అది చాలు. కానీ మామూలు మెసేజ్‌లను జర్నల్ (ఆ లాగ్‌ని రాసిపెట్టే ప్రోగ్రాం) వెంటనే డిస్కుకి ఎక్కించదు, అయిదు నిమిషాలకోసారి ఎక్కిస్తుంది. ఒక్కసారిగా బిగుసుకుపోతే మనకి కావలసిన చివరి లైన్లు గల్లంతవుతాయి. అందుకే ఒక టెర్మినల్ తెరిచి, జర్నల్‌సీటీఎల్ -ఎఫ్ -కే అని కొట్టి, ఆ కిటికీని స్క్రీను మూలన పెట్టుకుని పని చేసుకోమన్నాను. మెషీను ఆగిందంటే స్క్రీను కూడా ఆగుతుంది కాబట్టి చివరి లైను అక్కడే ఉండిపోతుంది.

మీ ఫోటోలో ఆ చివరి లైన్లు ఆర్‌టీడబ్ల్యూ_8821సీఈ పేరుతో మొదలవుతున్నాయి. 'ఫర్మ్‌వేర్ ఫెయిల్డ్ టు యాక్ డ్రైవర్ ఫర్ లీవింగ్ డీప్ పవర్ మోడ్' అని రెండుసార్లు, దాని కింద 'ఫెయిల్డ్ టు సెండ్ హెచ్2సీ కమాండ్' అని ఒకసారి. చిప్‌ని గాఢనిద్రలోంచి లేవమని డ్రైవరు చెప్పింది, చిప్ లోపల నడిచే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, పలకలేదు. ఇంకో పని చెప్పబోయింది, అదీ వెళ్లలేదు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఒక వైఫై ముక్క పలక్కపోతే నెట్ పోవాలి గానీ మౌసు ఎందుకు ఆగాలి అని మీకు అనుమానం రావచ్చు. ఆ చిప్, ప్రాసెసర్ మాట్లాడుకునే దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్. పని లేనప్పుడు కరెంటు ఆదా చెయ్యడానికి ఆ దారిని ఎల్1 అనే నిద్రస్థితికి పంపుతారు. ఈ ఏర్పాటుని ఏఎస్‌పీఎం అంటారు. ఇది కాక చిప్‌కి తనదైన నిద్ర ఇంకొకటి ఉంది, అది ఎల్‌పీఎస్. డ్రైవరు చిప్‌లో ఏదైనా రాయాలంటే రాసేసి తన దారిన తాను పోవచ్చు. చదవాలంటే మాత్రం అలా కుదరదు, జవాబు వచ్చేదాకా ప్రాసెసర్ అక్కడే నిలబడాలి. నిద్రలో ఉన్న దారి సరిగా తెరుచుకోకపోతే ఆ జవాబు రాదు. పైగా డ్రైవరు ఆ సమయంలో కెర్నల్‌లోని మిగతా పనులకి కావలసిన తాళాలు (ఒకరు వదిలేదాకా ఇంకొకరు ఆగాల్సినవి) కొన్ని పట్టుకుని ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆగుతాయి. పాట ముక్క మోగుతూ ఉండడానికి కారణం కూడా ఇదే. సౌండ్ చిప్ మెమరీలో ఉన్న కాస్త ధ్వనినీ ప్రాసెసర్ ప్రమేయం లేకుండా తిప్పి తిప్పి వాయిస్తుంది. కొత్త ముక్క అందించేవాళ్లు లేరు. నేను ఎవరి ఫిర్యాదులో ఆ టటటట చూసినా ముందు డ్రైవర్లనే అనుమానిస్తాను.

పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు చిప్‌కి నిద్రపోయే తీరిక ఉండదు. అందుకే అప్పుడు ఆగలేదు.

ఇంట్లో ఆగకపోవడం మంచి ఆనవాలే కానీ పూర్తి సాక్ష్యం కాదు. పైన వైఫై గుర్తు నొక్కి ఆపినంత మాత్రాన డ్రైవరు దిగిపోదు, లోపల కూర్చునే ఉంటుంది. నిజంగా పక్కన పెట్టాలంటే ఈటీసీలోని మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్‌తో ముగిసే పేరుతో ఒక ఫైలు చేసి, అందులో 'బ్లాక్‌లిస్ట్ ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ' అని ఒక్క లైను రాసి రీస్టార్ట్ చెయ్యాలి. కొన్నాళ్లు షాపులోనూ ఫోన్ కేబుల్‌తోనే నెట్ వాడాలి. లాగ్ దొరకనివాళ్లు ఈ పరీక్ష తప్పక చెయ్యాలి. మీకు ఫోటోలో చిప్ పేరే దొరికింది కాబట్టి నేరుగా మందుకి వెళ్దాం.

అదే ఫోల్డర్‌లో ఫైలు చేసి ఈ రెండు లైన్లు రాయండి:

ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ డిసేబుల్_ఏఎస్‌పీఎం=1
ఆప్షన్స్ ఆర్‌టీడబ్ల్యూ88_కోర్ డిసేబుల్_ఎల్‌పీఎస్_డీప్=1

మొదటిది దారి నిద్రని, రెండోది చిప్ గాఢనిద్రని ఆపుతాయి. పుస్తకంలో చెప్పే పద్ధతి ఒకసారికి ఒకటే మార్చమంటుంది. మీకు షాపు నడవాలి, గుమ్మంలో జనం ఉంటారు. కాబట్టి రెండూ ఒకేసారి పెట్టండి. వారం, పది రోజులు నిలకడగా ఉంటే అప్పుడు తీరిగ్గా ఒకటి తీసి చూడొచ్చు. ఫైలు సేవ్ చేశాక రీస్టార్ట్ కొట్టకండి, పూర్తిగా షట్‌డౌన్ చేసి కాసేపాగి ఆన్ చెయ్యండి. పాడైన స్థితిలో ఉన్న చిప్ ఒక్కోసారి ఉత్త రీస్టార్ట్‌తో తేరుకోదు. ఆన్ అయ్యాక, సిస్ కింద మాడ్యూల్, దాని కింద ఆర్‌టీడబ్ల్యూ88_పీసీఐ, దాని కింద పారామీటర్స్ ఫోల్డర్‌లో డిసేబుల్_ఏఎస్‌పీఎం అనే ఫైలు తెరవండి. అందులో వై అని ఒక్క అక్షరం ఉండాలి. ఎన్ అని ఉంటే మీరు రాసిన లైన్లో ఎక్కడో అక్షరం తప్పింది. ఈ ఒక్కటీ చూడకుండా 'మీరు చెప్పింది పనిచెయ్యలేదు' అని రాసేవాళ్లు నాకు చాలామంది.

బ్యాటరీ కాస్త తొందరగా దిగుతుంది. షాపులో ఎలాగూ ఛార్జర్ తగిలించే ఉంటుంది కదా.

ఆ తర్వాత కెర్నల్. మింట్ 21తో వచ్చినది 5.15. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ నొక్కితే లైనక్స్ కెర్నల్స్ అని ఉంటుంది, అందులో 6.8 వరుసలోది ఎంచుకోండి. ఈ డ్రైవరులో ఆ మధ్యకాలంలో చాలా దిద్దుబాట్లు జరిగాయి. ఈ దారి నిద్ర సరిపడని కొన్ని ల్యాప్‌టాప్ మోడళ్ల పేర్లు డ్రైవరులోనే రాసేసి, వాటికి దానంతట అదే ఏఎస్‌పీఎం ఆపే ఏర్పాటు కూడా ఉంది. పాత కెర్నల్ తీసెయ్యకండి. కొత్తది నచ్చకపోతే ఆన్ చేసేటప్పుడు గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే చోటు) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాతదే ఎంచుకోవచ్చు.

మీ తమ్ముణ్ని ఒక మాట అడగండి. 8821సీఈకి కెర్నల్‌లో మద్దతు వచ్చింది 2020 అక్టోబరులో, 5.9తో. అంతకుముందు విడిగా డ్రైవరు తెచ్చి డీకేఎంఎస్ (బయటి డ్రైవర్లని కెర్నల్‌కి తగిలించే ఏర్పాటు) ద్వారా ఎక్కించుకునేవాళ్లం. ఆ పాత సూచనలు ఇప్పటికీ చెలామణీలో ఉన్నాయి. తమ్ముడు అది కూడా ఎక్కించి ఉంటే ఒకే చిప్ కోసం ఇద్దరు కాచుకుని ఉన్నట్టు. డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే తెలిసిపోతుంది. ఉంటే తీసెయ్యమనండి.

ఇక పెళ్లిపత్రిక గురించి. ఈసారి ఆగితే పవర్ బటన్ జోలికి వెళ్లేముందు ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ కలిపి నొక్కిపట్టి, ఎస్, యూ, బీ ఒక్కోటి రెండు సెకన్ల తేడాతో నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ప్రింట్‌స్క్రీన్‌కి ఎఫ్ఎన్ కూడా కలపాలి. ఎస్ డిస్కుకి చేరని రాతలు చేరుస్తుంది, యూ డిస్కుని చదవడానికే పరిమితం చేస్తుంది, బీ రీబూట్. మీరు సేవ్ చెయ్యనిదాన్ని ఇది తెచ్చివ్వదు, కానీ డిస్కు చెడకుండా కాస్తుంది. దీనికీ పలకలేదంటే కెర్నలే నిలబడిపోయిందని అర్థం, అప్పుడిక పవర్ బటనే. ఇంక్‌స్కేప్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోసేవ్ ఉంది, వ్యవధి తగ్గించి పెట్టుకోండి.

ప్రశ్న: నాదీ 8821సీఈ చిప్పే, రైజెన్ ల్యాప్‌టాప్. విసిగిపోయి ఇంటెల్ ఏఎక్స్201 కార్డు కొని లోపల పెట్టాను. స్లాట్‌లో సరిగ్గా కూర్చుంది, స్క్రూ కూడా పడింది. కానీ మెషీనుకి అసలు కార్డే కనబడటం లేదు. కార్డు చెడిందా, డ్రైవరు లేదా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: రెండూ కాదు బాబూ. ఏఎక్స్201 చూడ్డానికి మామూలు ఎం.2 2230 కార్డులాగే ఉంటుంది, స్లాట్‌లో కూడా పడుతుంది. కానీ అది సీఎన్‌వీఐ రకం. వైఫై పనిలో సగభాగం దానికి జోడీగా ఉండాల్సిన ఇంటెల్ చిప్‌సెట్‌లోనే ఉంటుంది, కార్డు మీద ఉన్నది రెండో సగం మాత్రమే. రైజెన్ ఏఎండీ కంపెనీది, అందులో ఆ మొదటి సగం లేదు. ఏ డ్రైవరు వేసినా, ఏ కెర్నల్ వేసినా పలకదు. ఏఎక్స్211 కూడా ఇదే కోవ. నీకు కావలసింది ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ. అవి పూర్తి కార్డులు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తాయి. ఏఎక్స్210 అయితే కెర్నల్ 5.10, ఆపైది ఉండాలి. దుకాణంవాడు వాపసు తీసుకుంటే ఇప్పుడే వెళ్లు.

కొనేముందు ఇంకొకటి. 8821సీఈ ఒక్క యాంటెన్నాతో నడిచే చిప్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తయారీదారు ఖర్చు మిగుల్చుకుని ఒక్క తీగే లాగి ఉంటాడు. నీ దాంట్లో ఎన్ని యాంటెన్నా తీగలు ఉన్నాయో చూసుకో. ఒక్కటే ఉంటే కొత్త కార్డు పనిచేస్తుంది గానీ పూర్తి వేగం రాదు. ఆ తీగల చివర బొడిపెలు మరీ సున్నితం. లాగొద్దు, గోటితో నిలువుగా పైకి లేపు. పెట్టేటప్పుడు తిన్నగా పెట్టి వేలితో నొక్కితే చిన్న టక్‌మన్న శబ్దం రావాలి. బలవంతంగా నొక్కి చప్పిడి చేశావంటే వైఫై రౌటరు పక్కన తప్ప ఎక్కడా అందదు.

ప్రశ్న: లాగ్‌లో పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్ అని వేల లైన్లు పడి డిస్కు నిండిపోతోంది. పీసీఐ=నోఏఈఆర్ పెడితే పోతుందని ఎవరో చెప్పారు. పెట్టనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అది గ్రబ్ ద్వారా కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్. పెట్టొచ్చు, లాగ్ శుభ్రపడుతుంది. కానీ అది జ్వరం తగ్గడానికి థర్మామీటర్ దాచెయ్యడమే. తప్పులు జరుగుతూనే ఉంటాయి, మీకు చెప్పడం మానేస్తుంది అంతే. ఆ లైన్లలో 0000:02:00.0 లాంటి నంబరు ఒకటి ఉంటుంది. ఎల్ఎస్‌పీసీఐ కొట్టి ఆ నంబరుకి ఎదురుగా ఏ పరికరం పేరుందో చూడండి. ఒక్కోసారి ఆ పరికరానికి పైన ఉన్న పోర్టు నంబరు కనబడుతుంది. అప్పుడు ఎల్ఎస్‌పీసీఐ -టీవీ కొడితే దాని కింద ఏది వేలాడుతోందో చెట్టులా చూపిస్తుంది. వైఫై అయితే ఆ డ్రైవరుకి ఏఎస్‌పీఎం ఆపే ఆప్షన్ ఉందేమో మోడ్ఇన్ఫో కమాండుతో చూసుకోండి, ఒక్కో డ్రైవరులో ఒక్కో పేరు.

అది లేకపోతే గ్రబ్‌లో పీసీఐఈ_ఏఎస్‌పీఎం.పాలసీ=పెర్ఫార్మెన్స్ పెట్టండి. చాలామంది పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్ పెట్టి నిద్ర ఆపేశామనుకుంటారు. ఆ మాటకి కెర్నల్ చేసే పని వేరు: ఏఎస్‌పీఎం సంగతి తాను పట్టించుకోకుండా బయాస్ (లైనక్స్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) ఎలా పెట్టిందో అలాగే వదిలేస్తుంది. బయాస్ ఆన్ చేసి ఉంచితే ఆన్‌లోనే ఉంటుంది. పెట్టాక సుడోతో ఎల్ఎస్‌పీసీఐ -వీవీ కొట్టి, ఆ పరికరం లింక్ కంట్రోల్ లైన్లో ఏఎస్‌పీఎం డిసేబుల్డ్ అని ఉందో లేదో చూసి, లాగ్ రెండు రోజులు గమనించి మళ్లీ రాయండి.